ఇటుకనాచు రంగు కార్డు

"చొక్కా ఏదండీ?"

ఇది మూడోసారి. మొదటిసారి నిన్న సాయంత్రం ఏమీ ఎరగనట్టు అడిగింది. రెండోసారి దుప్పటి దులుపుతూ అడిగింది. ఇప్పుడు పొద్దున్నే బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, బట్టలన్నీ మంచం మీద కుప్పపోసి మరీ అడుగుతోంది.

"ఏ చొక్కా?" అన్నాడు లిఫ్టాయన అద్దంలోకి చూస్తూనే.

"ఏ చొక్కా అని అడగడానికి ఎన్నున్నాయి మీకు? నేను రంగు వేసిన చొక్కా."

"అదా? ఇస్త్రీకిచ్చాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"పాలకి వెళ్ళినప్పుడు ఇస్త్రీ అతన్ని అడిగే వచ్చాను. మనింటి బట్ట ఒక్కటి కూడా తన దగ్గర లేదన్నాడు."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. అబద్ధం ఆడటానికి కూడా కాస్త సాధన ఉండాలి. పదకొండేళ్ళ కాపురంలో ఆయనకి ఆ అవసరం పెద్దగా పడలేదు, అందుకే ఇప్పుడు చేతికందిన మాటనల్లా పట్టుకుంటున్నాడు.

"అయితే ఆఫీసులో ఉండిపోయిందేమో."

"ఇస్త్రీకిచ్చిన చొక్కా ఆఫీసుకి నడుచుకుంటూ వెళ్ళిందా?"

"పొద్దున్నే ఏమిటి నీ గొడవ? ఒక్క చొక్కా కోసం ఇల్లు పీకి పందిరి వేస్తున్నావ్!"

"ఒక్క చొక్కాయే! అదెక్కడుందో చెప్పడానికి మీకెందుకింత కష్టంగా ఉంది?"

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "అమ్మాయ్, మంచం మీద నీ కోపం, పొయ్యి మీద పాలు. ఏది ముందు పొంగుతుందో చూసుకో."

పాలు దించి వచ్చేసరికి ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గరున్నాడు. రంగులావిడ టిఫిన్ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెట్టింది అనడం మర్యాద, నిజానికి కుదేసింది. కోపం వేరు, డబ్బా వేరు. ఈ ఇంట్లో ఆ రెండూ ఎప్పుడూ కలవలేదు.

"ఇవాళ పని ఎక్కడ?" అని అడిగింది.

"ఆ నాలుగంతస్తుల మేడ. పళ్ళ డాక్టరు ఉండేది."

"మళ్ళీనా? ఈ నెలలో ఎన్నోసారి?"

"లిఫ్టు పాడైతే నేనేం చెయ్యను?" అని మెట్లు దిగిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషి కూడా అంత గబగబా దిగడు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

*

ఆ వీధిలో ఆయన్ని లిఫ్టాయన అంటారు, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్ గనక. ఆవిణ్ణి రంగులావిడ అంటారు. ప్రేమికుల రోజు దగ్గర పడితే వాళ్ళ ముందుగదిలో కుర్చీలుండవు. ఉన్న చోటంతా బల్లలు, బల్లల నిండా ఆరబెట్టిన కార్డులు.

ఆ కార్డుల్లో ఎరుపు ఉండదు. గులాబీ రంగు అసలే ఉండదు. "ఆ రెండూ కావాలంటే ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా దొరుకుతాయి, నా దాకా రానక్కర్లేదు" అంటుంది ఆవిడ. చౌరస్తాలో కాగితాల దుకాణం ఆవిడ ఆర్డర్లు తీసుకుని పంపుతుంది. కార్డు కావలసిన వాళ్ళు తమ మనిషికి సంబంధించిన ఏదో ఒక ముక్క తెచ్చివ్వాలి. ఒకమ్మాయి తన వాడి పాత సైకిలు మీద నుంచి రాలిన నీలం పెచ్చు తెచ్చింది. ఒకాయన భార్య కళ్ళజోడు పెట్టె తెచ్చాడు. ఇంకెవరో వానకోటు చించి తెచ్చారు. రంగులావిడ అచ్చం ఆ రంగే కలిపి, కార్డు మొత్తం ఆ ఒక్క రంగే పూసి, మధ్యలో చిన్న కిటికీ కత్తిరించి, దాని వెనక ఆ ముక్క అతికిస్తుంది. ముక్క ఎక్కడ అయిపోయిందో, రంగు ఎక్కడ మొదలైందో కనపడకూడదు. కనపడితే ఆ కార్డు చింపేసి మళ్ళీ మొదలుపెడుతుంది.

మూడు రోజుల కిందట దుకాణం నుంచి ఇరవై మూడో ఆర్డరు చీటీ వచ్చింది. చీటీకి గుండుసూదితో చిన్న గుడ్డముక్క గుచ్చి ఉంది.

మామూలుగా ఆవిడ ఒక్కో రంగుకి ఏడెనిమిది సార్లు కలిపి చూస్తుంది. అట్టముక్క మీద గీత గీసి, ఆరేదాకా ఆగి, కిటికీ వెలుతురులో గుడ్డ పక్కన పెట్టి చూస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఒకలా ఉండి ఆరాక ఇంకోలా తేలడం రంగులకి అలవాటు. కానీ ఆ రోజు చెయ్యి దానంతటదే డబ్బాల వైపు వెళ్ళింది. ఆకుపచ్చ రెండు పాళ్ళు, ఇటుక రంగు ఒక పాలు, బూడిద రంగు చిటికెడు. మొదటి గీతకే సరిపోయింది. అప్పుడు గాని ఆ గుడ్డ ఏమిటో పోల్చుకోలేదు.

అది ఇటుకనాచు. పాత గోడ మీద ఇటుక కనపడీ కనపడకుండా నాచు పట్టినప్పుడుండే రంగు. బజార్లో దొరకదు. నాలుగేళ్ళ కిందట ఆయన తెల్ల చొక్కాకి లిఫ్టు గ్రీజు అంటుకుని పోకపోతే, తనే మూడు రంగులు బకెట్లో కలిపి, రాత్రంతా నానబెట్టి వేసిన రంగు. ఆ రంగు చొక్కా లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని తొడుక్కుని ఆయన అద్దం ముందు నిలబడితే "ఎలా ఉంది?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు. అదేం జవాబో ఆవిడకి అర్థం కాలేదు, కానీ సంతోషంలో పట్టించుకోలేదు.

ఇప్పుడా చొక్కా ముక్క పట్టుకుని ఎవతో ప్రేమికుల రోజుకి కార్డు చేయించుకుంటోంది!

మూడు రోజులుగా ఆవిడకి అన్నం అరగడం లేదు. మిగతా కార్డులన్నీ అయిపోయాయి. ఇరవై మూడోది మాత్రం అలాగే ఉంది. ప్రేమికుల రోజు రేపే.

*

"ఇదొక్కటి ఎందుకు మిగిల్చావ్?" అంది అత్తగారు. ఆవిడ పని మడతలు. కొబ్బరి చిప్ప ముక్కని అరగదీసి చేసుకున్న బిళ్ళతో అట్టలు మడిచిందంటే ఒక్క పగులు రాదు.

"చేస్తున్నాగా."

"మొగుడి మీద కోపం అట్ట మీద చూపించకు. అట్ట నోరు లేనిది."

"మీ అబ్బాయికి మాత్రం నోరుందా? పొద్దున ఎన్ని అడిగినా ఒక్కదానికి సరిగ్గా చెప్పాడా?"

"వాడు చిన్నప్పట్నించీ అంతే" అని అత్తగారు తల వంచుకుంది. మామూలుగా కొడుకు మాటెత్తితే గంట మాట్లాడే మనిషి! ఆ సంగతి రంగులావిడ గమనించనే లేదు. ఆవిడ చూపంతా గుడ్డముక్క మీదుంది.

రంగు కలిపింది. కలిపాక నల్లరంగు డబ్బా మూత తీసింది. ఒక్క చుక్క. ఒక్క చుక్క వేస్తే చాలు, రంగు చచ్చిపోతుంది. ఎవతో ఒకతె రేపు కార్డు తెరిచి "ఛ, ఇది కాదు" అనుకుంటుంది. అనుకోనీ! కుంచె కొస నల్లరంగులో ముంచి గిన్నె మీద పట్టుకుంది.

చెయ్యి ఒప్పుకోలేదు. మొగుడు చెడితే చెడనీ, రంగు చెడకూడదని పంతం పట్టినట్టు అక్కడే ఆగింది. కుంచె కడిగేసి కార్డు పూసింది. కిటికీ కత్తిరించి ముక్క అతికించింది. ఈ ఏడు చేసిన వాటన్నిటిలోకీ ఆ కార్డే బాగా వచ్చింది. అది చూసి ఇంకా ఒళ్ళు మండింది.

మిట్టమధ్యాహ్నం దుకాణం ఆవిడ సంచీతో వచ్చింది. లోపలికి వస్తూనే చల్లగాలి కోసం కొంగుతో విసురుకుని, కార్డులు ఒక్కొక్కటే చూస్తూ "అబ్బ, ఈ వానకోటు చూడు! చెల్లీ, నీ చేతులకి ముద్దు పెట్టాలి" అంది.

"అక్కా, ఈ ఇరవై మూడు ఎవరిది?"

"ఎవరిదైతే ఏం? చెప్పకూడదు. ప్రేమ వ్యవహారాలు."

"ఊరికే అడిగాను. గుడ్డ బాగుంది."

"బాగుంది కదూ! ఆవిడా అదే అంది." చెప్పకూడదన్న మాట అక్కడితో సరి. దుకాణం ఆవిడ కడుపులో ఆవగింజ దాగదు. "పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఆవిడ. నలభై దాటుంటాయి. ఇన్నాళ్ళూ పెళ్ళీ గిళ్ళీ వద్దంది, ఇప్పుడు వాళ్ళ లిఫ్టు బాగుచేయడానికి వచ్చే ఆయన మీద మనసు పడింది. మంచి లిఫ్టుని కూడా పాడైందని ఫోన్ చేసి పిలిపిస్తుందట, తనే చెప్పి పడీ పడీ నవ్వింది."

రంగులావిడ నవ్వలేదు. "మరి ముక్క ఎలా వచ్చింది?"

"అదే తమాషా! ఆయన చొక్కాకి బొత్తాం ఊడిందట. కుట్టిపెడతానని విప్పించి, కుట్టి, లోపలి మడతలోంచి ఇంత ముక్క కత్తిరించి దాచుకుందట. ఆయనకి తెలియనే తెలియదు."

బొత్తాం!

ఆ మాట సూదిలా దిగింది. పదకొండేళ్ళుగా ఆయన చొక్కాలకి బొత్తాలు కుడుతున్నది తను. దారం పంటితో తెంపేటప్పుడు ఆయన గుండెకి తన బుగ్గ తగిలేది. ఇంకొకతె ముందు నిలబడి చొక్కా విప్పి ఇచ్చాడా! విప్పి, ఏం తొడుక్కుని కూర్చున్నాడు? ఆవిడ కుడుతుంటే చూస్తూ కూర్చున్నాడా?

"నీకేమైంది? మొహం అలా పెట్టావేం?" అంది దుకాణం ఆవిడ.

"ఎండ. ఒక్క నిమిషం ఉండక్కా, ఈ కవరు సరిగ్గా అంటలేదు."

ఇరవై మూడో కార్డు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. కార్డు లోపలి వైపు ఎప్పుడూ ఖాళీగానే ఇస్తారు. మాటలు కొన్నవాళ్ళవి, రంగు మాత్రమే మనది అని ఆవిడే పెట్టిన నియమం. ఎనిమిదేళ్ళుగా ఒక్క అక్షరం రాయలేదు. ఇవాళ కలం తీసింది. చెయ్యి ఈసారి ఒప్పుకుంది.

"ఈ చొక్కాకి రంగు వేసింది ఆయన భార్య" అని రాసింది.

కవరు అంటించి తెచ్చి సంచీలో పెట్టింది. అత్తగారు కళ్ళజోడు మీద నుంచి చూసి "లోపల ఏం రాశావ్?" అంది.

"తారీఖు."

దుకాణం ఆవిడ వెళ్ళిపోయాక రంగులావిడకి మూడు రోజుల తర్వాత ఆకలేసింది. రెండుసార్లు వడ్డించుకుని తింది.

*

లిఫ్టాయన సాయంత్రం దీపాలు పెట్టకముందే వచ్చాడు. సంచీ దించి, చెప్పులు విప్పి, నేరుగా ముందుగదిలోకి వచ్చి అత్తాకోడళ్ళ మధ్య పీట మీద కూర్చున్నాడు. పొద్దుటి మనిషి కాదు. దారిలో ఏదో నిర్ణయించుకుని వచ్చినట్టున్నాడు.

"చొక్కా ఇచ్చేశాను" అన్నాడు.

"తెలుసు. ఎవరికిచ్చారో కూడా తెలుసు."

"ఎలా తెలుసు?"

"పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తుతుందట. బొత్తాలు కూడా కుడుతుందట. నాలాగా కుంచెలు పట్టుకుని కంపుకొట్టదు కాబోలు, మంచి సెంటు వాసన వస్తుంది!"

ఆయన అయోమయంగా చూశాడు. "ఆవిడకి నేను చొక్కా ఎందుకిస్తాను? మీసాలాయనకిచ్చాను."

మీసాలాయన ఆయన జోడీ మెకానిక్. పెళ్ళి కాని నలభై ఆరేళ్ళ మనిషి. కంపెనీ ఇద్దరిద్దరిని పనికి పంపుతుంది, వీళ్ళిద్దరూ ఆరేళ్ళుగా విడిపోలేదు.

రంగులావిడకి ముందు గుండె తేలికైంది. ఆ తేలిక ఒక్క నిమిషం కూడా నిలవలేదు, వెంటనే ఇంకో మంట లేచింది.

"మీసాలాయనకా? నేను రాత్రంతా బకెట్ పక్కన కూర్చుని వేసిన రంగు, మీసాలాయనకా?"

"అవును."

"అంత నచ్చలేదా మీకు?"

"నచ్చడం కాదు."

"మరి? చెప్పండి! ఊళ్ళో వాళ్ళు నా రంగు కోసం వానకోట్లు చింపుకుంటున్నారు. మీరు నాలుగేళ్ళలో ఒక్కసారైనా బాగుంది అన్నారా? చీర కట్టుకుని వచ్చి అడిగినా నీ ఇష్టం. గోడకి ఏ రంగు వేద్దామన్నా నీ ఇష్టం. నా ఇష్టం నాకు తెలుసు, మీ ఇష్టం అడిగితే!"

"నాకది బురద" అన్నాడు.

అత్తగారి చేతిలో మడత ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"నువ్వు ఇటుకనాచు అంటావే, అది నాకు బురదలా కనిపిస్తుంది. ఆకుపచ్చా బురదే, ఇటుకా బురదే. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేను. పుట్టుకతోనే అంతే. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది. మిగతాది మనుషులు చెప్తే వినడమే."

రంగులావిడ ఆయన మొహం వంకే చూస్తోంది. హాస్యమాడుతున్నాడేమోనని వెతికింది. ఆయన కళ్ళు కిందికి దించుకున్నాడు.

"రంగులు కలిపే పిల్లని పెళ్ళి చేసుకుని, నాకు రంగులు కనపడవని ఏ నోటితో చెప్పను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుంటే పదకొండేళ్ళయింది. నువ్వు ఎలా ఉంది అని అడిగినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. ఆ దుకాణం ఆవిడ వచ్చి ఆహా ఓహో అంటుందే, ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళంతా నీ పని చూడగలరు. నేను తప్ప."

"మరి మీసాలాయనకి?"

"పోయిన నెల ఒకరోజు ఆ చొక్కా తొడుక్కుని పనికి వెళ్ళాను. వాడు నన్ను వెలుతురులో నిలబెట్టి చుట్టూ తిరిగి చూశాడు. ఇంత మంచి రంగు నా జన్మలో చూళ్ళేదురా అన్నాడు. చూడగలిగిన వాడి ఒంటి మీద ఉంటే దానికి మర్యాద అనిపించింది. విప్పి ఇచ్చాను."

"అంటే ఆయనకి తెలుసా? మీకిలా అని?"

"తెలియకపోతే నా పని ఎలా జరుగుతుంది? కొత్త లిఫ్టుల్లో తీగల మీద అంకెలుంటాయి. పాతవాటిలో రంగులే. వాడు రంగు చెప్తాడు, నేను బిగిస్తాను. ఆరేళ్ళుగా అంతే. కంపెనీకి తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు."

రంగులావిడ గిర్రున అత్తగారి వైపు తిరిగింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

అత్తగారు బిళ్ళని చీరకి తుడిచింది. తుడిచిందే తుడిచింది. "చిన్నప్పుడు పచ్చికాయా పండూ తేడా తెలియకుండా కోసుకొచ్చేవాడు. పెళ్ళిచూపుల్లో చెబుదామనే అనుకున్నాను. నువ్వు నచ్చావు. ఎక్కడ కాదంటావోనని నోరు నొక్కుకున్నాను."

"మీకు తెలుసు. మీసాలాయనకి తెలుసు. నేనే పరాయిదాన్ని!"

ఇందాకటి దాకా ఒక ఆడదాని మీద పడి ఏడ్చిన ఏడుపు ఇప్పుడు నిండా మీసాలున్న మగాడి మీదకి మళ్ళింది. ఆరేళ్ళు! ఆరేళ్ళుగా ఆయన కళ్ళు ఇంకొకడు. ఎరుపు ఇది, ఆకుపచ్చ ఇది అని పక్కన కూర్చుని చెప్పే మాట తను చెప్పవలసింది. ఊళ్ళో అందరి కంటే బాగా చెప్పగలిగేది తను. బొత్తాం కుట్టినావిడ మీద వచ్చిన కోపం దీని ముందు ఏ మూలకి?

"నన్నడిగితే నేను చెప్పనా?" అంది. "నాకు చెప్పుంటే నేను మీకు నీలంలోనే వంద రకాలు చేసిపెట్టేదాన్ని కాదా? పసుపులో చేసేదాన్ని. మీరు చూడగలిగే రంగుల్లోనే ఇల్లంతా వేసేదాన్ని. నన్ను అంత చేతకానిదాన్ని అనుకున్నారా?"

"చేతకానిదానివని కాదు. నీ ముందు గుడ్డివాడిగా నిలబడటం చేతకాక."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుందామని ముందుకి జరిగి, చేతికి రంగుంటే కొంగుకి తుడుచుకుంటోంది. అప్పుడడిగాడాయన.

"ఇంతకీ ఆ పళ్ళ డాక్టరు ఆవిడ సంగతి నీకెలా తెలుసు?"

ఆవిడ చెయ్యి తుడుచుకోవడం ఆగిపోయింది.

"కార్డు చేయించుకుంది. ఆ చొక్కా ముక్కతో."

లిఫ్టాయన మొహం వెలిగింది. "మన మీసాలాడికా! వాడు వారం రోజులుగా అద్దం ముందు నుంచి కదలడం లేదు. ఆవిడకి తనంటే ఇష్టమో కాదో తేలక ఛస్తున్నాడు. రేపు అడుగుతాడట. నాతో చెప్పి ఒకటే వణుకు. కార్డు ఎప్పుడిస్తుంది?"

"అందులో..." అంది రంగులావిడ.

"ఆఁ, అందులో?"

"నేనొక మాట రాశాను."

చెప్పింది. ఒక్కో అక్షరం నోట్లోంచి రావడానికి మొరాయించింది. విన్నాక ఆయన వెలుగంతా పోయింది. అత్తగారు "తారీఖన్నావు కదే!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

రంగులావిడ పరుగున వెళ్ళి దుకాణం ఆవిడకి ఫోన్ చేసింది. అవతల నుంచి వచ్చింది ఎప్పటి ఉత్సాహమైన గొంతు కాదు. "గంట కిందటే తీసుకెళ్ళింది చెల్లీ. ఇక్కడే తెరిచింది. ముందు వెలిగిపోయింది. తర్వాత లోపల చూసింది. ఏమైందమ్మా అని ఎంత అడిగినా చెప్పలేదు, కవరు కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది. ఏం రాశావు నువ్వు?"

"ఆవిడ నంబరుందా అక్కా?"

"చేశాను. ఎత్తడం లేదు."

ఫోన్ పెట్టేసేలోపు ఇక్కడ లిఫ్టాయన ఫోన్ మోగింది. మీసాలాయన. చెవికి దూరంగా పట్టుకున్నా గదంతా వినిపిస్తోంది.

"నాకు పెళ్ళయిందట కదరా! పెళ్ళాం కూడా ఉందట, నాకే తెలియకుండా! చొక్కాలకి రంగులు కూడా వేస్తుందట! ఆవిడ కార్డు నా మొహాన కొట్టింది. అది ఎవరి చేతి పనో నాకు తెలియదా? ఏం పాపం చేశానురా మీ ఇంటికి?"

"ఒరేయ్, నేను చెప్పేది విను. మా ఆవిడ పొరపాటుపడి..."

"నలభై ఆరేళ్ళకి ఒక మనిషి నాకు బొత్తాం కుట్టింది. నీకు కుట్టేవాళ్ళున్నారు, దాని విలువ నీకు తెలియదు." గొంతు తగ్గిపోయింది. తగ్గాక వినడం ఇంకా కష్టమైంది. "నీ సంగతి ఎవరికీ చెప్పను. ఆ మాట ఇచ్చాను, దాని మీదే ఉంటాను. కానీ రేపట్నించి నీతో జోడీ కట్టలేను. నీ మొహం చూస్తే నాకు ఆ కార్డు గుర్తొస్తుంది. ఆఫీసులో చెప్పేశాను, వేరే చోటికి వెయ్యమని."

ఫోన్ ఆగిపోయింది.

వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"నేను పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్తాను" అంది రంగులావిడ. "కాళ్ళు పట్టుకునైనా చెప్తాను. తప్పు నాదేనని చెప్తాను."

"చెప్పు. చెప్పాలి కూడా. కానీ పళ్ళ డాక్టరు తలుపు తెరిచేది పదింటికి." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "రేపు ఎనిమిదింటికి నాకు ఆస్పత్రి లిఫ్టు. పాతది. బోర్డు మొత్తం విప్పి మళ్ళీ బిగించాలి."

"ఎన్ని తీగలు?"

"అరవై పైన."

"వెళ్ళకండి."

"వెళ్ళకపోతే ఎందుకో చెప్పాలి."

"ఒంట్లో బాగాలేదని చెప్పండి" అంది అత్తగారు.

"రేపు చెప్తానమ్మా. ఎల్లుండి? ఆ పై వారం?"

రంగులావిడకి ఆ లిఫ్టు కళ్ళ ముందు కనిపించింది. అందులో మంచం మీద పడుకోబెట్టిన మనిషి, పక్కన సీసా పట్టుకున్న నర్సు. మీసాలాయన లేని చోట ఈయన తడుముకుంటూ బిగించిన తీగ. ఆరేళ్ళుగా ఆ ఇద్దరి మధ్య జాగ్రత్తగా నడుస్తున్న దాన్ని ఒక్క వాక్యంతో తనే తెంపేసింది.

"ఫోన్ ఇవ్వండి" అంది.

"ఎందుకు?"

"మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడతాను. నిజం చెప్తాను."

"నా ఉద్యోగం పోతుంది."

"పోతుంది."

"నువ్వు ఒక్కసారి చెప్పినందుకు ఏమైందో చూశావు కదా!"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అయినా ఆవిడ చాచిన చెయ్యి తీయలేదు. "అప్పుడు కుళ్ళుతో చెప్పాను. ఇప్పుడు భయంతో చెప్తానంటున్నాను. ఇవ్వండి."

"అమ్మాయ్, వద్దు" అంది అత్తగారు. "ఇల్లు గడిచేది వాడి జీతం మీద."

ఆయన ఇవ్వలేదు. ఆవిడ లాక్కోలేదు. ఇద్దరి మధ్యా నేల మీదున్న ఆ ఫోన్ మళ్ళీ మోగింది. తెర మీద సూపర్‌వైజర్ పేరు. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి లిఫ్టాయన లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఆపుతాడేమోనని రంగులావిడ ఒక్క క్షణం ఆగింది. ఆయన తిరగలేదు.

ఆవిడ ఫోన్ ఎత్తింది.